ఫిడేలు కోసం వచ్చిన మనిషి

రోవీనానీ చేవోనీ కిందటి వారం మెస్కల్ ఫ్లాట్ అనే ఎడారి ఊళ్ళో, ఓపల్ కాఫీ కొట్టు వెనక సందులో వదిలేశాం. వ్యాను వెనక తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. సామాను సగం దించారు, సగం లోపలే ఉంది. అప్పుడే రోవీనా అన్న డ్వైట్ ట్రక్కులో వచ్చి, కిందకి దిగకుండానే, కిటికీలోంచి ఒక్క ముక్క చెప్పి వెళ్ళిపోయాడు.

"సాయంత్రం అమ్మ వస్తుంది. ఫిడేలు కోసం."

రోవీనా పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే. పదిహేనేళ్ళ కిందట, స్పానిష్ మాట్లాడే రాగి గని కుటుంబంలో పుట్టి గిటారు తప్ప ఇంకో పని నేర్చుకోని చేవోతో ఆమె ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. వెళుతూ వెళుతూ బీరువా మీదున్న తాత ఫిడేలుని దిండు గలీబులో పెట్టుకుని పట్టుకుపోయింది. ఆ రోజు నుంచీ తల్లి వెర్లా ఆమెతో మాట్లాడలేదు. పెళ్ళికి రాలేదు, ఫోను ఎత్తలేదు. ఈ వేసవిలో మొగుడూ పెళ్ళాలిద్దరూ ఎడారి ఊళ్ళ కాఫీ కొట్లలో పాడుకుంటూ తిరుగుతున్నా, ఈ ఊరిని మాత్రం దారిలో పెట్టుకోలేదు. పాడాల్సిన ఇంకో ఊళ్ళో గాలికి కాఫీ కొట్టు కప్పు లేచిపోవడంతో, సంగతి తెలిసిన ఓపల్ ఫోను చేసి "నా దగ్గర పాడండి" అనడంతో, ఇక్కడికి వచ్చి పడ్డారు.

"మళ్ళీ ఎక్కించేద్దామా?" అన్నాడు చేవో. స్పీకరు పెట్టె అతని చేతుల్లోనే ఉంది. "మీ అమ్మ వచ్చేసరికి మనం కొండ అవతల ఉంటాం."

"పదిహేనేళ్ళ కిందట అదే చేశాను కదా."

"బాగానే చేశావు. నీకు నేను దొరికాను."

వేరే రోజైతే ఆ మాటకి రోవీనా ఏదో ఒకటి అంటించేది. ఇవాళ ఫిడేలు పెట్టె మీద చెయ్యి వేసింది.

"ఇచ్చేస్తావా?" అన్నాడు చేవో, ఈసారి నవ్వు మానేసి.

"తాత అమ్మకి నాన్న. అడిగే హక్కు ఆవిడకుంది. కానీ ఈ సందులో ఇవ్వను. దొంగతనంగా పట్టుకెళ్ళాను, దొంగతనంగా తిరిగివ్వను. లోపలికి రావాలి. నేను వాయించేది వినాలి. అందరి ముందూ నోరు తెరిచి అడగాలి. అప్పుడిస్తాను."

"మరి రేపు లార్డ్స్‌బర్గ్ కచేరీలో?"

"రేపటి సంగతి రేపు."

"ఫిడేలు వరసలు కూడా నేనే గిటారు మీద వాయించేస్తాలే. జనం కళ్ళు మూసుకుంటే తేడా తెలీదు."

"చెవులు కూడా మూసుకోవాలి," అంది రోవీనా.

చేవో హాయిగా ఊపిరి పీల్చుకుని స్పీకరు పెట్టె లోపలికి మోసుకుపోయాడు.

ఓపల్ కొట్టు ఒకప్పుడు పెట్రోలు బంకు. పంపులు తీసేసిన చోట ఇప్పుడు తొట్లలో నాగజెముడు పెరుగుతోంది. ముందు గోడంతా అద్దం. లోపల కూర్చున్నవాళ్ళకి రోడ్డు, రోడ్డు మీదివాళ్ళకి లోపల కూర్చున్నవాళ్ళు కనిపిస్తారు. వెర్లా చర్చివాళ్ళు కాఫీ ముట్టరు. అందుకని వాళ్ళు ఈ అద్దం ముందు నుంచి నడిచేటప్పుడు తలలు నిటారుగా పెట్టుకుని అవతలి కొండల వంక చూస్తూ పోతారు.

"వాళ్ళు తలైనా తిప్పుతారు. మీ అమ్మ రోడ్డే దాటేస్తుంది," అంది ఓపల్, కప్పులు తుడుస్తూ. "ఈ కొట్టు పెట్టిన్నాటి నుంచీ చూస్తున్నా. సరిగ్గా ఆ తపాలా డబ్బా దగ్గరకొచ్చేసరికి అటుపక్కకి వెళుతుంది, నా కొట్టు దాటాక మళ్ళీ ఇటొస్తుంది. నువ్వు కంగారు పడకు రోవీనా. ఆవిడ ఈ గుమ్మం తొక్కదు. పందెం."

"పందెం కాయకు," అంది రోవీనా.

ఎండ వాలే వేళకి కుర్చీలన్నీ నిండాయి. పశువుల కొట్టాల నుంచి దుమ్ము బూట్లతో వచ్చినవాళ్ళు ఒక పక్క, గని నుంచి రిటైరయిన ముసలివాళ్ళు ఒక పక్క కూర్చున్నారు. వాళ్ళందరికీ పెద్ద ప్లాసిదో. వంగిపోయిన మనిషి. కాఫీలో దాల్చినచెక్క పొడి వేసుకుని, టోపీ మోకాలి మీద పెట్టుకుని మూల బల్ల దగ్గర కూర్చున్నాడు. చేవో ఎక్కడ పాడినా చేసే మొదటి పని చేశాడు, నెత్తిమీద గుర్రుమంటున్న కూలరు ఆపమన్నాడు. జనం మూలిగారు.

"చెమట పట్టనివ్వండి. ఇక్కడ నా పెళ్ళాం ఫిడేలు వాయిస్తోంది. కూలరుకి వేరే రోజు కచేరీ పెట్టుకుందాం," అన్నాడు.

మొదటి రెండు పాటలూ బాగా కుదిరాయి. రోవీనా వాయిస్తూ అద్దంలోంచి రోడ్డు వైపు చూస్తూనే ఉంది. మూడో పాట మధ్యలో డ్వైట్ ట్రక్కు వచ్చి నాగజెముడు తొట్ల దగ్గర ఆగింది. ఇంజను ఆపలేదు. అటు తలుపు తెరుచుకుంది.

ఇవాళ ఆదివారం కాదు. అయినా వెర్లా ఆదివారం గౌను వేసుకుంది. జుట్టు నున్నగా దువ్వి వెనక్కి ముడేసింది. రెండు చేతులా సంచీ పట్టుకుని నేరుగా నడిచి వచ్చింది. తలుపు మీది గంట మోగింది. ఓపల్ చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది.

రోవీనా కమాను వణికింది. అయినా ఆగలేదు. చేవో ఆమె కళ్ళలోకి చూస్తూ గిటారు నడక కొంచెం గట్టి చేశాడు, జారకుండా పక్కన చెయ్యి పట్టుకున్నట్టు. వెర్లా తలుపు దగ్గరే నిలబడింది. పాట నడుస్తున్నంతసేపూ కదల్లేదు, నోరెత్తలేదు. పాట మధ్యలో ఎవరినైనా ఆపడం ఆవిడ జీవితంలో చేసిన పని కాదు. పాట అయిపోయింది. చప్పట్లు మొదలై, అందరూ తలుపు వైపు చూడడంతో, సగంలో నిలిచిపోయాయి.

"రండి సెన్యోరా, కూర్చోండి," అన్నాడు చేవో స్పానిష్ మర్యాదగా, లేచి తన కుర్చీ చూపిస్తూ.

"నేను కూర్చోడానికి రాలేదు." ఆవిడ అతని వైపు చూడలేదు. "రోవీనా. ఆ ఫిడేలు నాకిచ్చెయ్యి."

అడగాలని కోరుకున్నది రోవీనాయే. అందరి ముందూ అడగాలన్నది కూడా ఆమే. తీరా అడిగేసరికి గొంతు దాకా వచ్చిన కోపం వేరే దారి పట్టింది.

"ఇస్తాను. పట్టుకుపో. కానీ ఒక్క మాట చెప్పు. ఇన్నేళ్ళూ నేను ఫోను చేస్తే ఎత్తలేదు. పెళ్ళికి పిలిస్తే రాలేదు. మేం ఈ ఊళ్ళో దిగాం అని తెలిసి కూడా 'ఎలా ఉన్నావే' అని అడగలేదు. ఈ చెక్కముక్క కోసం మాత్రం కాఫీ కొట్టు గుమ్మం కూడా తొక్కావు. కూతురి కంటే మీ నాన్న ఫిడేలు ఎక్కువైందా నీకు?"

"ఆయనది కాదు."

"ఏంటి?"

"అది మా నాన్నది కాదు," అంది వెర్లా. ఆ మాట అనాలని ఆవిడ అనుకుని రాలేదని మొహం చూస్తే తెలుస్తోంది. "మా నాన్నకి ఫిడేలు ఏ చేత్తో పట్టుకోవాలో కూడా తెలీదు."

బయట ట్రక్కు ఇంజను గురగురలాడుతోంది. మూల బల్ల దగ్గర నుంచి ప్లాసిదో గొంతు సవరించుకున్నాడు.

"అది ఆవిడదే," అన్నాడు.

"ప్లాసిదో, నువ్వు నోరు మూసుకో."

పశువుల కొట్టాలవాళ్ళు తెల్లబోయారు. వెర్లా హాస్లం, చర్చిలో ఆర్గన్ వాయించే వెర్లా హాస్లం, గని ముసలాడిని పేరు పెట్టి పిలిచింది. అదీ నిన్నటిదాకా మాట్లాడుకుంటున్న మనుషుల్లాగా.

"ఎన్నాళ్ళని మూసుకోమంటావు గ్వేరా?" అన్నాడు ప్లాసిదో నింపాదిగా. గ్వేరా అంటే తెల్లపిల్ల. ఆవిడని అలా పిలిచేవాడొకడు ఈ భూమ్మీద ఉన్నాడని రోవీనాకి ఇప్పటిదాకా తెలియదు. అతను రోవీనా వైపు తిరిగాడు. "అమ్మాయీ, శనివారం శనివారం మా గని యూనియన్ హాల్లో డాన్సులుండేవి. నేను డోలు వాయించేవాణ్ణి. ఫిడేలు మీ అమ్మ. పెళ్ళి కాకముందు సంగతి. ఇంట్లో వాళ్ళు నిద్రపోయాక కిటికీ దూకి వచ్చేది."

"కిటికీ దూకే రకం కాదు నేను," అంది వెర్లా చురుక్కున. "తలుపులోంచే వచ్చేదాన్ని."

"తలుపులోంచే. బూట్లు చేత్తో పట్టుకుని."

ఎవరో కిసుక్కున నవ్వారు. వెర్లా చెవులు ఎర్రబడ్డాయి.

"ఇన్నేళ్ళూ ఈ సంగతి ఊళ్ళో ఒక్కరికీ తెలీదా?" అంది ఓపల్.

"ఎందుకు తెలీదు? సగం ఊరికి తెలుసు," అన్నాడు ప్లాసిదో. "ఆ సగం స్పానిష్‌లో మాట్లాడుకుంటుంది గనక మిగతా సగానికి వినపడలేదు."

ఈసారి గని ముసలివాళ్ళందరూ నవ్వారు, తలలు ఊపుతూ. నిజమే, వాళ్ళలో ఒక్కరి మొహంలోనూ ఆశ్చర్యం లేదు. చేవో మాత్రం నవ్వలేదు. తన తండ్రికీ ఈ సంగతి తెలిసే ఉంటుందని, తెలిసే నోరు విప్పకుండా పోయాడని అతనికి అప్పుడే తట్టింది.

రోవీనా తల్లి దగ్గరికి నడిచింది. ఇద్దరి మధ్యా ఒక్క బల్ల ఉంది.

"బీరువా మీద తాత ఫిడేలు ఉంది, ముట్టుకోవద్దు అనేదానివి."

"పత్తి చేలో పనిచేసి కొనుక్కున్నాను. మా నాన్న కంటపడింది. వాయించడం మానేస్తే వస్తువుని ఇంట్లో ఉండనిస్తానన్నాడు, లేకపోతే పొయ్యిలో పెడతానన్నాడు. మానేశాను. తరవాత పెళ్ళయింది. ఇదెవరిదని మీ నాన్న అడిగాడు. మా నాన్నదన్నాను. ఒకసారి అన్నాక ఇంక అదే నిలిచిపోయింది."

"అయితే నేను పట్టుకుపోయింది నీది."

"నాదే. నువ్వు ఆ అబ్బాయితో వెళ్ళిపోయావని తెలిసినప్పుడు ఏడ్చాను. బీరువా మీద చూసుకున్నాక..." వెర్లా ఆగింది. సంచీ పట్టుకున్న వేళ్ళు బిగుసుకున్నాయి. "తల్లి నోట రాకూడని మాట. కానీ అడిగావు కనక చెబుతున్నా. అప్పుడు ఇంకా ఎక్కువ ఏడ్చాను."

ఆ మాట ఎవరి మీదా విసిరినట్టు లేదు. చాలాకాలం మోసిన బరువు బల్ల మీద పెట్టినట్టు ఉంది. రోవీనా కోపానికి నిలబడే చోటు దొరకలేదు.

"మరి ఇప్పుడెందుకమ్మా? ఇన్నేళ్ళు ఊరుకుని ఇవాళెందుకు?"

వెర్లా సంచీ బల్ల మీద పెట్టి ఎడమ చెయ్యి చాపింది. వేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి. చిటికెన వేలు పక్కకి తిరిగిపోయింది. పిడికిలి ముడవబోయింది. మూడు వేళ్ళు ముడుచుకున్నాయి, నాలుగోది సగంలో ఆగిపోయింది.

"మళ్ళీ చలికాలానికి ఇవి వంగవని డాక్టరు చెప్పాడు. ఆర్గన్ దగ్గర ఇప్పటికే తప్పులు పోతున్నాయి, వినేవాళ్ళకి తెలియడం లేదు అంతే. డ్వైట్ మొన్న వచ్చి, నువ్వు ఊళ్ళోకి వస్తున్నావని, ఫిడేలు నీ దగ్గరే ఉందని చెప్పాడు. వేళ్ళు ఇంకా పనిచేస్తుండగా ఒక్కసారి. అంతే నేను కోరేది. వంటింట్లో తలుపేసుకుని వాయించుకుంటాను. ఎవరికీ వినపడదు."

రోవీనా మెడ కింద నుంచి ఫిడేలు తీసింది. కమానుతో సహా రెండు చేతుల్లో పెట్టి, బల్ల మీదుగా తల్లికి అందించింది.

వెర్లా దాన్ని అందుకున్న తీరు చూసి ప్లాసిదో కళ్ళు తుడుచుకున్నాడు. అంతకాలం ముట్టని మనిషి వస్తువుని పట్టుకున్నట్టు లేదు. చిన్నపిల్లని చంకలోకి ఎత్తుకున్నట్టు, చెయ్యి తనంత తాను దారి చూసుకుని పోయింది. ఆవిడ తలుపు వైపు తిరిగింది.

"సెన్యోరా," అన్నాడు చేవో. "వంటింట్లో వాయిస్తే ఎవరు వింటారు?"

"ఎవరూ వినక్కర్లేదు."

చేవో కుర్చీలో కూర్చుని గిటారు ఒళ్ళోకి తీసుకున్నాడు. పైకేమీ అనకుండా, గని హాళ్ళలో వాయించే పాత పోల్కా డాన్సు పాట ఒకటి మెల్లగా మొదలెట్టాడు. అతని తండ్రి షిఫ్టు దిగి వచ్చాక అరుగు మీద కూర్చుని వాయించే వరస అది. ఎవరినీ పిలిచినట్టు కాదు, ఊరికే తనకోసం వాయించుకుంటున్నట్టు.

వెర్లా చెయ్యి తలుపు పిడి మీద ఉంది. వెనక్కి తిరక్కుండానే అంది.

"అంత మెల్లగా వాయిస్తే హాల్లో జనం నిద్రపోయేవాళ్ళు."

చేవో వేగం పెంచాడు.

"ఇంకా."

ఇంకా పెంచాడు. ప్లాసిదో బల్ల మీద రెండు వేళ్ళతో దరువు వెయ్యడం మొదలెట్టాడు. వెర్లా తలుపు పిడి వదిలేసి ఇటు తిరిగింది. ఫిడేలు గడ్డం కింద పెట్టుకుని, తీగలు ఒక్కొక్కటీ మీటి, మొహం చిట్లించి, ఒక బిరడా రవ్వంత తిప్పింది.

"ఈ తీగ దిగి ఉంది రోవీనా. నేను విన్నంతసేపూ ఇలాగే వాయించావు."

"నిన్ను చూసి చెయ్యి వణికిందమ్మా."

"అది చెయ్యి. ఇది బిరడా."

కమాను వేసింది. మొదటి గీతకే ఫిడేలు కీచుమంది. వేళ్ళు వెనకబడ్డాయి, పాట ముందుకు పోయింది. వెర్లా ఆగి కళ్ళు మూసుకుంది. రెండోసారి మొదలెట్టి మళ్ళీ ఆగింది. సరిగ్గా అప్పుడే తలుపు గంట మోగి డ్వైట్ లోపలికి తల పెట్టాడు.

"అమ్మా, తీసుకున్నావుగా, ఇంక పద. అందరూ చూస్తున్నారు."

"డ్వైట్," అంది వెర్లా, ఫిడేలు దించకుండానే. "ఇంజను ఆపు. పెట్రోలు దండగ."

జనం ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. డ్వైట్ బయటికి పోయి నిజంగానే ఇంజను ఆపాడు. ఆ నిశ్శబ్దంలో చేవో గిటారు మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఈసారి వెర్లా చిటికెన వేలి సంగతి వదిలేసింది. మిగిలిన మూడు వేళ్ళతో పాటకి కొత్త దారి వేసుకుంది. ఆ వేలుతో వాయించాల్సిన చోట కమానుతో ఒక్క తోపు తోసి, దాటిపోయింది. ఆ తోపులో ఏదో పొగరుంది. విన్న ప్రతివాడికీ కాళ్ళలో కదలిక వచ్చింది.

పాట లేచింది. రోవీనా ఇంతవరకు ఇలాంటి ఫిడేలు వినలేదు. తను చక్కగా వాయిస్తుంది, శుభ్రంగా, అంచులు కలిసేలా. తల్లి వాయించేది అలా కాదు. దుమ్ము లేచే హాల్లో, చివర కూర్చున్నవాడికి కూడా వినపడాలని, వారమంతా గనిలో గడిపినవాళ్ళని లేపి నిలబెట్టాలని వాయించే ఫిడేలు అది. ఇన్నేళ్ళూ చర్చిలో నెమ్మదిగా, ఒద్దికగా ఆర్గన్ వాయించిన మనిషి లోపల ఇది ఎక్కడ దాక్కుందో అర్థం కాలేదు. కానీ పాట మాత్రం తెలిసిందే. అంట్లు తోముతూ తల్లి ముక్కుతో కూనిరాగం తీసేది ఇదే వరస. చిన్నప్పుడు అది ఏదో చర్చి పాటనుకుంది.

చేతిలో ఫిడేలు లేదు. రోవీనా నోరు తెరిచింది. మాటల్లేని ఆ కూనిరాగాన్నే గొంతెత్తి పాడింది, తల్లి ఫిడేలుకి కింద స్థాయిలో, జంటగా. వెర్లా వాయిస్తూనే తల తిప్పి చూసింది. మెచ్చుకోలేదు. "పైన పాడు" అని కనుబొమలతో సైగ చేసింది. రోవీనా పైకెళ్ళింది.

ప్లాసిదో టోపీ పెట్టుకుని లేచాడు. వంగిన నడుముతోనే ఓపల్ ముందుకి వెళ్ళి చెయ్యి చాపాడు. ఓపల్ కప్పు పక్కన పెట్టింది. ఇద్దరూ బల్లల మధ్య సందులో రెండు చుట్లు తిరిగేసరికి పశువుల కొట్టాలవాళ్ళు బల్లలు గోడకి జరిపారు. తరవాత ఎవరు ఎవరితో ఆడారో చెప్పడం కష్టం. అద్దాలు అదిరాయి. చెమటలు కారాయి, కూలరు వెయ్యమని మాత్రం ఒక్కరూ అనలేదు.

రోడ్డు మీద చర్చివాళ్ళు ఇద్దరు ఆడవాళ్ళు ఆగిపోయారు. ఈసారి కొండల వంక చూడలేదు. వెర్లా వాళ్ళని చూసింది. ఫిడేలు ఆపకుండా, తెలిసినవాళ్ళని పలకరించినట్టు తల ఊపింది. వాళ్ళలో ఒకామె మొహం తిప్పుకుంది. రెండో ఆమె పాదం మాత్రం, సిమెంటు మీద, దరువు వేస్తోంది.

పాట ముగిసింది. చప్పట్లూ ఈలలూ ఆగడానికి చాలాసేపు పట్టింది. వెర్లా ఇంకో పాట వాయించింది, ఆ తరవాత ఇంకోటి. చివరికి వేళ్ళు మొరాయిస్తే, చేవో లేచి ఇచ్చిన కుర్చీలోనే కూర్చుంది. ఓపల్ నిమ్మరసం గ్లాసు తెచ్చి ముందు పెట్టింది.

"ఇందులో కాఫీ లేదు. ఒట్టు," అంది.

"తెలుసు. వాసన పట్టగలను," అని వెర్లా గుక్కలో సగం తాగేసింది. ఆవిడ జుట్టు ముడి జారిపోయింది. మొహం ఎర్రగా, తడిగా ఉంది. రోవీనా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తల్లి ఎడమ చెయ్యి అందుకుని, వాచిన వేళ్ళు ఒక్కొక్కటీ మెల్లగా ఒత్తసాగింది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే ఎందుకు మానేశావని అడిగేదానివి." వెర్లా గ్లాసు వైపు చూస్తూ అంది. "చిన్నప్పటి నుంచీ నీకు అడగడం ఎక్కువ. బెదిరిస్తే మానేశానని చెప్పాలి. నీ కళ్ళలో నేను అంత పిరికిదాన్ని కావడం నాకిష్టం లేకపోయింది. కోపిష్టిదాన్ని అనుకుంటే ఫరవాలేదనుకున్నాను."

రోవీనా ఆ చెయ్యి బుగ్గకి ఆనించుకుంది. వెర్లా వెనక్కి లాక్కోలేదు. కాసేపటికి చేవో వైపు, ఈ సాయంత్రం మొదటిసారి, నేరుగా చూసింది.

"నువ్వు పర్లేదు. ఎడమ చెయ్యి బద్ధకం."

"పదిహేనేళ్ళుగా మీ అమ్మాయీ అదే అంటోంది సెన్యోరా."

"సెన్యోరా ఏంటి, బ్యాంకులో గుమాస్తాలాగా. అత్తగారినయ్యా నేను."

చేవో గిటారు పెట్టెలో పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాడు.

రోవీనా లేచి, ఫిడేలు పెట్టె తెచ్చి తల్లి ముందు ఉంచింది. "పట్టుకెళ్ళమ్మా. నీది. నేను ఇంకోటి చూసుకుంటాను."

"రేపు ఎక్కడ వాయించాలి మీరు?"

"లార్డ్స్‌బర్గ్‌లో. ఇద్దరం పాడతాం, చేవో గిటారు. గడిచిపోతుంది."

"గడిచిపోతుంది," అని వెర్లా ఆ మాటని రుచి చూసి ఉమ్మేసినట్టు అంది. "ఫిడేలు నాది. నేనెక్కడుంటే అదక్కడ ఉంటుంది. చలికాలం దాకా నా వేళ్ళు ఆగినప్పుడు నువ్వు వాయించు, నీ చెయ్యి వణికినప్పుడు నేను వాయిస్తాను. ఆ వ్యాను వెనక సీటు మీద చెత్తంతా తీసెయ్యమను మీ ఆయన్ని. మధ్యాహ్నం సందు మొగ నుంచి చూశాను, సిగ్గు లేకపోతే సరి."

"అమ్మా," అన్నాడు డ్వైట్. అతను ఎప్పుడో లోపలికి వచ్చి, ఎవరో చేతిలో పెట్టిన నిమ్మరసం పట్టుకుని నిలబడ్డాడు. "ఆదివారం ఆర్గన్ ఎవరు వాయిస్తారు?"

"నీ పెళ్ళాన్ని వాయించమను. ఆ కుర్చీ మీద దానికి ఎప్పటి నుంచో కన్ను."

డ్వైట్ ఇంకేదో అనబోయి, తల్లి మొహం చూసి, నిమ్మరసం తాగేశాడు.

పొద్దు గుంకుతుండగా వ్యాను కదిలింది. ఓపల్ కొట్టు ముందు జనం ఇంకా నిలబడే ఉన్నారు. ప్లాసిదో టోపీ తీసి ఊపాడు. వెనక సీట్లో వెర్లా, పక్కన డ్వైట్ ఇంటి నుంచి తెచ్చిచ్చిన ఒక చిన్న పెట్టె, ఒళ్ళో ఫిడేలు. ఊరు దాటాక కిటికీ దించమంది. ఎండిన పొదల వాసన, వేడి గాలి లోపలికొచ్చాయి. రాళ్ళ మీద ఎరుపు పరుచుకుంది. ఆవిడ ఏదో కూనిరాగం తీస్తోంది. రోవీనా ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చుని తల్లినే చూస్తోంది, చూపు తిప్పితే మళ్ళీ మాయమవుతుందేమో అన్నట్టు. ఈ వేసవి మొత్తంలో ఆ వ్యాను ఇంత నిండుగా ఎప్పుడూ లేదు.

"లార్డ్స్‌బర్గ్‌లో కాఫీ కొట్టు ఎవరిది? అక్కడైనా కాస్త గాలాడుతుందా?" అంది వెర్లా.

"చాలా పెద్ద గది, అత్తగారూ," అన్నాడు చేవో, ఆ పిలుపుకి తనే కొంచెం మురుస్తూ. "పాత డాన్సు హాలు. నడిపేది ఒక ముసలాయన. ఫోన్లో భలే మాట్లాడాడు. మా ఆవిడ ఫిడేలు వాయిస్తుందంటే, ఎలాంటి ఫిడేలు, ఎక్కడ నేర్చుకుంది, ఏ ఊరు అని వంద ప్రశ్నలు. పేరేదో... ఆ, అమాదో. అమాదో రెంతేరియా."

కూనిరాగం ఆగిపోయింది.

రోవీనా చూస్తూ ఉండగానే తల్లి మొహంలో ఎరుపంతా దిగిపోయింది. వాచిన వేళ్ళు ఫిడేలు పెట్టె అంచుని గట్టిగా పట్టుకున్నాయి.

"బండి ఆపు," అంది వెర్లా.

చేవో రోడ్డు పక్కన ఇసకలోకి దింపి ఆపాడు. దుమ్ము వాళ్ళని దాటి ముందుకు పోయింది.

"ఆ పేరు మళ్ళీ చెప్పు."

చేవో చెప్పాడు. వెర్లా తల అడ్డంగా ఊపింది, ఒకసారి, రెండుసార్లు.

"ఆ మనిషి యూనియన్ హాల్లో నాతో వాయించేవాడు. చచ్చిపోయాడు," అంది. "మా నాన్నే వచ్చి చెప్పాడు నాకు. నేను సమాధికి పూలు కూడా పంపాను."